సున్నం చల్లిన మధ్యాహ్నం

"రొయ్యల గుంటల్లో నీళ్ళు పరీక్ష చెయ్యడం కూడా ఒక ఉద్యోగమేనా అమ్మా?" అని పెళ్ళిచూపులకు వచ్చిన ఒక పెద్దాయన నన్ను అడిగారు. ఆ సంబంధం కుదరలేదు. ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. పోయిన ఏడాది పని మానేశాక, ఇప్పుడు తీరిగ్గా దానికి జవాబు రాస్తున్నాను.

మాది బిట్రగుంట రైల్వే కాలనీ. నాన్న రైల్వేలో ఫిట్టరు. నేను కావలిలో బీయస్సీ చదివాను. ఆ తర్వాత వాకాడు వైపు, రొయ్యల గుంటల మధ్య ఉన్న ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో చేరాను. అక్కడే జుట్టు నెరిసింది. నా జీతం ఎప్పుడు పెరిగింది, ల్యాబుకు లైసెన్సు ఎలా వచ్చింది లాంటివి రాయను. అవి ఎవరికీ పనికిరావు. ఈమధ్య డిగ్రీ అయిన ఆడపిల్లలు చాలామంది ఈ ల్యాబుల్లో చేరుతున్నారు. వాళ్ళలో ఒకమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, ఈ పనిలో ముఖ్యంగా ఏం నేర్చుకోవాల?" అని అడిగింది. అమ్మోనియా గురించి నేర్చుకో అన్నాను.

"అది ఇంటర్లోనే చదివినాం గదా ఆంటీ" అంది.

మేమూ చదివాం. మా ల్యాబు మాస్టారు చదవడమే కాదు, ఏళ్ళ తరబడి పాఠం కూడా చెప్పారు. అయినా ఒక మధ్యాహ్నం మాకు ఏం జరిగిందో చెప్తాను.

గాలి నుంచి గుంట దాకా

ముందు నత్రజని సంగతి. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం అదే. రెండేసి నత్రజని పరమాణువులు మూడు బంధాలతో ఒకదాన్నొకటి కరుచుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించడం సామాన్యం కాదు. అందుకే మనం దాన్ని పీల్చి, పీల్చినట్టే వదిలేస్తాం. వాకాడు పొలాల మీద ఆకాశం నిండా నత్రజని ఉన్నా, కింద వరి పైరు నత్రజని చాలక పసుపు తిరుగుతుంది. మెరుపు ఆ పట్టును తెంచగలదు. జీలుగ, పెసర వేళ్ళ బుడిపెల్లో ఉండే సూక్ష్మజీవులు తెంచగలవు. ఎరువుల ఫ్యాక్టరీలో ఇనుము ఉన్న ఉత్ప్రేరకం మీదుగా, గొప్ప వేడిలో, గొప్ప ఒత్తిడిలో హైడ్రోజన్‌తో కలిపి తెంచుతారు. అప్పుడు తయారయ్యేదే అమ్మోనియా. ఒక నత్రజని, మూడు హైడ్రోజన్లు. దాన్నుంచే యూరియా.

రొయ్యల మేతలో మాంసకృత్తులు ఉంటాయి. వాటిలో నత్రజని ఉంటుంది. రొయ్య తిన్నదాంట్లో కొంతే ఒంటికి పడుతుంది. మిగిలింది మొప్పల్లోంచి అమ్మోనియాగా నీళ్ళలోకి వస్తుంది. తినకుండా వదిలిన మేత, రెట్ట అడుగున కుళ్ళి అదీ అమ్మోనియానే అవుతుంది. పట్టుబడి, అంటే రొయ్యను వల వేసి పట్టే రోజు, దగ్గరపడే కొద్దీ మేత పెరుగుతుంది, దాంతో పాటు ఇదీ పెరుగుతుంది.

ఇక్కడే జాగ్రత్తగా వినాలి. నీళ్ళలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. నీళ్ళలో క్షారగుణం తక్కువగా ఉన్నప్పుడు అది ఇంకో హైడ్రోజన్‌ను కలుపుకుని అమ్మోనియం అవుతుంది. అమ్మోనియం రొయ్య మొప్పల్లోకి అంత తేలిగ్గా దూరలేదు. నీళ్ళు క్షారం వైపు తిరిగితే, అంటే పీహెచ్ పెరిగితే, ఆ నాలుగో హైడ్రోజన్‌ను వదిలేసి మళ్ళీ ఉత్త అమ్మోనియా అవుతుంది. అది గడియ లేని తలుపు తోసుకున్నట్టు మొప్పల్లోకి వెళ్ళిపోతుంది. ఎండ వేడి దానికి తోడు.

మనం ల్యాబులో చేసే పరీక్ష ఈ రెండింటినీ కలిపి చూపిస్తుంది. ఎంత అమ్మోనియంగా అణిగి ఉందో, ఎంత విషంగా మారిందో తెలియాలంటే పీహెచ్, వేడి కూడా చూడాలి. అదీ గుంట దగ్గరే చూడాలి. పగలంతా నీళ్ళలోని పచ్చనాచు ఎండలో బొగ్గుపులుసు వాయువును లాగేసుకుంటుంది కాబట్టి మధ్యాహ్నానికి పీహెచ్ ఎక్కుతుంది. తెల్లవారి నెమ్మదిగా కనిపించిన గుంటే మూడింటికి రొయ్యను చంపగలదు. పొద్దున్నే సీసాలో తెచ్చిన నీళ్ళు చూసి సాయంత్రానికి గుంట గురించి తీర్పు చెప్పేవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళ మాట నమ్మకండి.

మాస్టారు జుట్టుకు రంగు వేసుకున్న రోజు

మా ల్యాబు పెట్టింది శేషయ్య మాస్టారు. జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ లెక్చరరుగా చేసి రిటైరయ్యాక, ఇంట్లో ఊరికే కూర్చోలేక ఒక కొట్టు గది అద్దెకు తీసుకుని మొదలుపెట్టారు. పాఠం చెప్పే అలవాటు ఆయన్ని వదల్లేదు. రైతు సీసా పట్టుకుని వస్తే, పరీక్ష అయ్యేలోపు సుద్దముక్కతో ల్యాబు నేల మీద బొమ్మలు గీసి చెప్పేవారు. సాయంత్రం నేల తుడిచేది నేను కాబట్టి, ఏ రోజు ఏ పాఠం నడిచిందో నాకు తెలిసేది.

నీళ్ళలో అమ్మోనియా ఉంటే మేం వేసే మందులకు నీలం రంగు వస్తుంది. ఎక్కువ ఉంటే ముదురు నీలం. ప్రతిసారీ స్వచ్ఛమైన నీళ్ళతో ఒక గాజు గొట్టం పక్కన పెట్టుకుంటాం. దాన్ని బ్లాంక్ అంటాం. అందులో రంగు రాకూడదు. ఒక రోజు ఆ బ్లాంకులోనే నీలం తేలింది. మందులు పారబోసి మళ్ళీ కలిపాను. మళ్ళీ నీలం. గాజు గొట్టాలన్నీ కడిగాను. అదే నీలం. నాకు ఏడుపొక్కటే తక్కువ.

అప్పుడు వెనక గదిలోంచి మాస్టారు వచ్చారు. జుట్టు నిగనిగలాడుతూ కాటుకలా ఉంది. మేనకోడలి పెళ్ళికని అప్పుడే రంగు వేసుకున్నారట.

"సార్, ఆ రంగులో అమ్మోనియా ఉంటుంది గదా" అన్నాను.

ఆయన నా వైపు చూశారు, గాజు గొట్టాల వైపు చూశారు. ఆ రోజు వచ్చిన నీళ్ళన్నీ పారబోయించారు. తర్వాత ఒక్కో రైతుకూ ఫోన్ చేశారు. "నాయనా, నా జుట్టు వల్ల మీ నీళ్ళు చెడిపోయినాయి. మళ్ళా పంపించండి." ఆ తర్వాత చాలా రోజులు రైతులు సీసా బల్ల మీద పెట్టే ముందు, "సారు ఇయ్యాల రంగేసినాడా మేడం?" అని అడిగి పెట్టేవాళ్ళు. ఆయన లోపలినుంచి వింటూ నవ్వుకునేవారు.

అంత మంచి మనిషిలో ఒక లోపం ఉండేది. రైతు గొంతులో భయం వినిపిస్తే ఆయన తట్టుకోలేరు. వెంటనే ఏదో ఒకటి చెప్పి ఆ భయం తీర్చాలి. ఫోన్ పెట్టేసేలోపే వైద్యం చెప్పేసేవారు. "నీళ్ళు చూడకుండా ఎందుకు సార్" అని నేను అంటూనే ఉండేదాన్ని. "పాపం, గాబరా పడతా ఉండాడమ్మా" అనేవారు. అది దయే. కానీ ఈ పనిలో దయ కూడా పరీక్ష అయ్యేదాకా ఆగాలి.

పెంచలయ్య గుంట

పెంచలయ్య, రమణమ్మ మొదటినుంచీ వరి రైతులు. సముద్రం వైపు ఉన్న వాళ్ళ పొలం ఉప్పు తేలి పైరు మాడిపోవడం మొదలుపెట్టాక, ఆ చెక్కలో గుంట తవ్వుకున్నారు. లోపలి వైపు ఉన్న మడిలో ఇంకా వరే వేసేవాళ్ళు. రొయ్యకు మేత చల్లేది రమణమ్మే. తెప్ప మీద నిలబడి, తాడు పట్టుకుని, గుంట చుట్టూ తిరుగుతూ చల్లేది. అంతకు ముందు రెండు పంటలు జబ్బు వచ్చి పోయాయి. ఈ పంట నిలబడింది. ఇంకొన్నాళ్ళు ఆగితే పట్టుబడి.

ఎండాకాలం మొదట్లో ఒక అకాల వర్షం పడింది. చాలా గుంటల్లో పీహెచ్ దిగిపోయింది. సున్నం వెయ్యమని మాస్టారు చెప్పారు. అందరూ వేశారు, గుంటలు కోలుకున్నాయి. ఆ వారమంతా ఫోన్ చేసిన ప్రతివాళ్ళకీ ఆయన చెప్పింది అదే, అది పనిచేసింది కూడా.

తర్వాత ఎండలు ముదిరాయి. ఒకనాడు పొద్దున పెంచలయ్య ఫోన్ చేశాడు. రొయ్య మందంగా ఉంది, మేత ముట్టడం లేదు, అడుగు కుళ్ళు వాసన కొడుతోంది అన్నాడు. నేను వేరే ఊళ్ళో నీళ్ళు పడుతున్నాను. ఫోన్ ఎత్తింది మాస్టారు. "సున్నం వెయ్యి నాయనా, తేరుకుంటుంది" అన్నారు.

రమణమ్మ పుట్టిల్లు పులికాట్ సరస్సు పక్క ఊరు. ఆమె అన్నలు గుల్లలు కాల్చి సున్నం చేస్తారు. ఆమె తెచ్చిపెట్టుకున్న బస్తాలు పాకలోనే ఉన్నాయి. భార్యాభర్తలిద్దరూ మిట్టమధ్యాహ్నం ఆ సున్నం గుంటంతా చల్లారు.

నాకు రమణమ్మ నుంచి ఫోన్ వచ్చేసరికి ఎండ ఇంకా తగ్గలేదు.

"మేడం, రొయ్య కట్ట మీదికి ఎగురుతుండాది. నాకేం తోచడంల్యా. ఒకసారి రా తల్లీ" అంది.

బండి వేసుకుని వెళ్ళాను. చెప్పులు విడిచి కట్ట ఎక్కేసరికి అంచు వెంబడి తెల్లగా రొయ్యలు పడి ఉన్నాయి. ఇంకా కొన్ని నీళ్ళలోంచి ఎగిరి మట్టి మీద పడి కొట్టుకుంటున్నాయి. చుట్టుపక్కల గుంటల వాళ్ళు చేరారు. పెంచలయ్య వాళ్ళందరి ముందు భార్య మీద అరుస్తున్నాడు.

"సారు చెప్పింది సున్నం వెయ్యమని. సారు చెప్పినాక తప్పు పోద్దా? నువ్వు మీ అన్నల కాడ తెచ్చినావే, దాంట్లోనే ఏదో కలిపుండారు. నీ పుట్టింటి సున్నమే నా గుంటని చంపేసింది!"

 రమణమ్మ చేతులకు, చీర అంచుకు సున్నం అంటుకుని ఉంది. గంప పట్టుకుని చచ్చిన రొయ్యను ఏరుతోంది.

నేను నీళ్ళలో మీటరు పెట్టాను. పీహెచ్ తొమ్మిది దాటి ఉంది. కట్ట దిగి నీళ్ళ మీదికి వంగితే ముక్కులో సన్నగా ఘాటు తగిలింది. అమ్మోనియాకు నీలం రంగు రావడానికి ఇంకా సమయం పడుతుంది గానీ, అది వచ్చేదాకా ఆగాల్సిన పని లేకపోయింది. గుంటలో అప్పటికే అమ్మోనియా పేరుకుని ఉంది. అందుకే రొయ్య మేత ముట్టలేదు. అప్పటిదాకా అది చాలావరకు అమ్మోనియంగా అణిగి ఉంది. సున్నం పడి పీహెచ్ ఎక్కగానే విషంగా తిరిగింది.

"అక్కా, సున్నం మంచిదే. దాంట్లో ఏం కలపలేదు" అన్నాను రమణమ్మతో. ఆమె తల ఎత్తలేదు. పక్కకు వెళ్ళి మాస్టారికి ఫోన్ చేసి, పీహెచ్ ఎంత ఉందో చెప్పాను.



"నేనే చెప్పినా సుగుణా" అన్నారు ఆయన. "అడగాల్సిందేదీ అడక్కుండా చెప్పినా. పెంచలయ్య ఏమంటుండాడు?"

"సున్నంలో లోపం అంటున్నాడు సార్. ఆమెను తిడుతున్నాడు."

"ఏరియేటర్లన్నీ తిప్పించు. మేత ఆపించు. కాలవ నీళ్ళు పెట్టించు. నేను వస్తుండా."

కట్ట మీద

ఆయన స్కూటరు మీద వచ్చారు. అంత ఎండలో తలకు తువ్వాలు కూడా లేదు. చెప్పులు విడిచి కట్ట ఎక్కి, పెంచలయ్యతో మాట్లాడకుండా ముందు రమణమ్మ దగ్గరికి వెళ్ళారు.

"అమ్మా, నీ సున్నంలో లోపం లేదు. లోపం వెయ్యమన్న నా మాటలో ఉండాది" అన్నారు. అందరికీ వినపడేలా అన్నారు. తర్వాత పెంచలయ్య వైపు తిరిగారు.

"కాలేజీలో పిల్లకాయలకి నేను ఏళ్ళకేళ్ళు ఒక ప్రయోగం చేసి చూపించినా పెంచలయ్యా. నవాసారంలో, అదీ అమ్మోనియం ఉప్పే, సున్నం కలిపి వేడి చేస్తే అమ్మోనియా బయటికొస్తుంది. వాసనకి ముందు బెంచీ పిల్లలు ముక్కులు మూసుకునేవాళ్ళు. ఇక్కడ నీ గుంటలో అమ్మోనియా అణిగి ఉండింది. పైన ఎండ ఉండింది. దాంట్లో సున్నం వెయ్యమన్నా. అక్కడ గాజు గొట్టంలో చేసిందాన్ని నీ గుంటలో చేయించినా. ముందు నీళ్ళు చూసి ఉంటే చెప్పి ఉండను. చూడలేదు."

పెంచలయ్య కట్ట మీద అలాగే కూలబడ్డాడు. చుట్టూ ఉన్నవాళ్ళలో ఒకరు గొణిగారు, ఇంకొకరు నవ్వారు. రమణమ్మ అప్పుడు తల ఎత్తింది. ఆమె కృతజ్ఞత చూపిస్తుందని నేను అనుకున్నాను. ఆమె చూపించలేదు.

"మీరు చెప్పినారు, మేం యేసినాం" అంది. "ఇప్పుడు మీరు నిజం చెప్పినారని సచ్చిన రొయ్య లేస్తదా సార్?"

"లేవదమ్మా."

"మరింక ఏం జెయ్యాల్నో అది జెప్పండి."

ఆయన చెప్పారు. కాలవ నీళ్ళు పెడుతూ పాత నీళ్ళు వదలడం. నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఒక్క క్షణం ఆపకపోవడం. బెల్లం నానబెట్టి చల్లడం. బెల్లం తిని పెరిగే సూక్ష్మజీవులు తమ ఒళ్ళు కట్టుకోవడానికి నీళ్ళలోని అమ్మోనియాను లాక్కుంటాయి. వాటికి ప్రాణవాయువు కూడా కావాలి, అందుకే ఏరియేటర్లు ఆగకూడదు. కరెంటు పోతే అని పక్క గుంటాయన జనరేటరు తెచ్చిపెట్టాడు. ఇందాక నవ్వింది ఆయనే. రమణమ్మ బెల్లం అచ్చులు రోకలితో పగలగొడుతుంటే మాస్టారు బకెట్లలో కలిపారు. నేను నీళ్ళు పట్టి పరీక్షలు చేశాను. పొద్దు వాలేసరికి పీహెచ్ కొంచెం దిగింది. రొయ్య ఎగరడం ఆగింది. గుంటలో సగం పోయి ఉంటుందని అంచనా వేసుకున్నాం.

తిరిగి వస్తుంటే నాకు కోపం ఆగలేదు. "తప్పు ఒప్పుకోవడం మంచిదే సార్. ఆయన ఒక్కడికి చెప్తే సరిపోయేది. అందరి ముందర ఎందుకు? రేపటికి ఊరంతా చెప్పుకుంటారు" అన్నాను.

"ఆయన ఆమెని అందరి ముందర తిట్టినాడు గదా సుగుణా" అన్నారు మాస్టారు.

రెండో భయం

ఆ తర్వాత మాస్టారు రోజూ ఆ గుంటకు వెళ్ళారు. నేను ఉదయం ల్యాబు చూసుకుని మధ్యాహ్నానికి చేరేదాన్ని. ఆయన కాపలా పాకలో కూర్చుని, సంచిలో తెచ్చుకున్న బన్నులు, అరటిపండ్లు తినేవారు. రమణమ్మ మంచినీళ్ళు ఇచ్చేది. అంతకు మించి మాట్లాడేది కాదు. ఆమె కోపం న్యాయమైనదే. దాన్ని తగ్గించాలని ఆయన ప్రయత్నించలేదు కూడా. అది నాకు నచ్చింది. తప్పు ఒప్పుకోగానే ఎదుటివాళ్ళు తమని మెచ్చుకోవాలనుకునే పెద్దమనుషులు మన పనిలో చాలామంది ఉన్నారు.

కొన్నాళ్ళకు అమ్మోనియా తగ్గుముఖం పట్టింది. గాజు గొట్టంలో నీలం పలచబడుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో నైట్రైటు పెరగడం మొదలైంది. పెంచలయ్య మళ్ళీ బెదిరిపోయాడు.

"ఇదేంది సార్, ఒకటి పోతే ఇంకోటి? నా గుంటకి ఏమన్నా తగిలిందా?"

"ఏం తగల్లేదు. ఇది దారిలో వచ్చే ఇంకో ఊరు" అన్నారు మాస్టారు. ఒక రకం సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తాయి. ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తాయి. ఈ రెండో రకం నెమ్మదిగా పెరుగుతాయి కాబట్టి మధ్యలో నైట్రైటు పోగుపడుతుంది. అదీ రొయ్యకు కీడే. నీళ్ళలో ఉప్పు ఎక్కువగా ఉంటే దాని కీడు తగ్గుతుంది. పెంచలయ్య గుంటలో ఉప్పదనం తక్కువ. అందుకే ఉప్పు పండించే కొటార్ల నుంచి బస్తాలు తెప్పించి కరిగించాం. ఈసారి వెయ్యబోయే ముందు మాస్టారు నీళ్ళు నాతో పరీక్ష చేయించారు, మళ్ళీ తానే చేశారు. ఆ తర్వాతే సరేనన్నారు.

ఆ ఉప్పు కరిగిస్తున్నప్పుడే రమణమ్మ ఆయన్ని ఒక మాట అడిగింది. "అమ్మోనియా అంత చెడ్డదైతే మరి మా వరికి యూరియా ఎందుకు యెయ్యమంటారు సార్? అదీ ఇదీ ఒకటే అంటిరి గదా."

మాస్టారి ముఖం వెలిగిపోయింది. జేబులో సుద్దముక్క కోసం వెతికారు. పాకలో మట్టినేల కావడంతో పుల్ల తీసుకుని గీశారు. "చెడ్డది కాదమ్మా. మడిలో యూరియా కరిగి అమ్మోనియం అవుతుంది. వరి వేరుకి అదే అన్నం. గుంటలో దాన్ని తినేది తక్కువ, వదిలేది ఎక్కువ. రొయ్య వదిలింది మళ్ళా రొయ్య ఒంట్లోకే పోతుండాది. అదీ బాధ."

"అయితే మా మడిలో కూడా సున్నం, యూరియా ఒకేసారి యెయ్యకూడదన్నమాట."

"వెయ్యకూడదు. వేస్తే నువ్వు చల్లిన ఎరువు గాల్లోకి పోతుంది."

"ఇది ముందే జెప్పుంటే బాగుండు" అంది రమణమ్మ. కోపంతోనే అంది గానీ, ఆయన గీసినదాన్ని వంగి చూస్తూ అంది.

నేను చెప్పదలచుకున్నది

నేను భయపడ్డట్టే ఊరంతా చెప్పుకుంది. మేత అమ్మే ఒకాయన ప్రతి గుంట దగ్గరా ఆగి మరీ చెప్పాడు. చాలామంది మా దగ్గరికి సీసాలు తేవడం మానేశారు. వాళ్ళలో కొందరు మరుసటి ఏడాది తిరిగి వచ్చారు, కొందరు ఎన్నటికీ రాలేదు. తప్పు ఒప్పుకుంటే అంతా సర్దుకుంటుందని మీకు చెప్తే అబద్ధం అవుతుంది. మా ల్యాబు మునుపటిలా నిండడానికి చాలాకాలం పట్టింది.

అయినా మాస్టారు చేసింది సరైనదే అని ఇవాళ నాకు అనుమానం లేదు. ఆయన చెప్పకపోయి ఉంటే రమణమ్మ జీవితాంతం ఆ నింద మోసేది. ఆమె అన్నల సున్నం ఎవరూ కొనేవాళ్ళు కాదు. ఇంకా పెద్ద నష్టం ఉంది. మంచి సున్నం అయితే చాలని అందరూ మళ్ళీ అదే పని చేసేవాళ్ళు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న మీ చేతుల్లో మంచి మీటర్లు ఉన్నాయి. రైతులు గుంట ఫోటో తీసి పంపుతారు, వీడియో పంపుతారు. చూస్తే అంతా తెలిసినట్టే ఉంటుంది. అమ్మోనియా ఫోటోలో పడదు. ఫోన్లో "ఏం వెయ్యమంటావు మేడం" అని అడిగితే, "నేను వస్తున్నా, అప్పటిదాకా మేత ఆపండి, ఏరియేటర్లు తిప్పండి" అనండి. మేత ఆపితే ఎవరికీ చేటు లేదు. అమ్మోనియాను మింగేస్తుందని సీసా మీద రాసి ఉన్న ప్రతిదాన్నీ కొనిపించకండి. ఎవరైనా సున్నం అంటే పీహెచ్ ఎంత, అమ్మోనియా ఎంత, వేళ ఏది అని అడగండి. అడగడానికి మొహమాటపడకండి. మీ కంటే పెద్ద చదువులు చదివినవాళ్ళు చెప్తున్నా అడగండి. నేను మా మాస్టారి దగ్గర నేర్చుకున్న కెమిస్ట్రీలో సగం ఇదే.

పట్టుబడి నాడు

మిగిలిన రొయ్య నిలబడింది. నైట్రైటు దిగిపోయింది, మేత మళ్ళీ మొదలైంది, రొయ్య ఒళ్ళు చేసింది. పట్టుబడి రోజు పొద్దున్నే వల వేశారు. ఐసు పెట్టెలతో లారీ వచ్చింది. సగం పంటే అయినా, రెండు పంటలు పోయిన ఇంట్లో అది పండగే. పెంచలయ్య తడి బట్టలతో అటూ ఇటూ పరుగులు పెడుతున్నాడు. లారీ ఆయనతో, "అన్నా, మా ఇంటామె పుట్టింట్లో కాల్చే గుల్ల సున్నం భలే ఉంటది, కావాలంటే చెప్పు" అనడం నా చెవిన పడింది. భార్యకు ఆయన క్షమాపణ చెప్పాడో లేదో నాకు తెలియదు. ఆ మాట అన్నప్పుడు రమణమ్మ వల దగ్గరే ఉంది. విని, విననట్టే వల మడిచింది.

లారీ వెళ్ళాక అందరికీ అక్కడే భోజనాలు. రొయ్యల వేపుడు వాసన కట్టంతా కమ్ముకుంది. మాస్టారు మెల్లగా స్కూటరు వైపు నడిచారు. ఎన్నో ఏళ్ళు రొయ్యలకు వైద్యం చేసిన ఆయన రొయ్య ముట్టరు. శుద్ధ శాకాహారి. పిలిచినవాళ్ళ మనసు నొచ్చుకుంటుందని పట్టుబడి భోజనాలకు ముందే ఏదో పని చెప్పి జారుకునేవారు.

"యాడికి సార్?" అంది రమణమ్మ అడ్డం వచ్చి.

"ల్యాబులో పని ఉండాదమ్మా."

"బన్నులు తినే పనేనా? నాకు తెలవదనుకున్నారా? కూర్చోండి." ఆమె పాకలోంచి ఒక గిన్నె తెచ్చింది. పప్పు, వంకాయ కూర, పెరుగు. "ఇది కొత్త గిన్నె. నిన్న కొన్నా. దీంట్లో రొయ్య వండల్యా, చేప వండల్యా. కావాలంటే మీరు పరీక్ష జేసుకోండి."

మాస్టారు చాప మీద కూర్చున్నారు. ఆయన రెండో ముద్ద కలుపుతుండగా పెంచలయ్య వచ్చి ఎదురుగా చతికిలబడ్డాడు. కాసేపు చేతులు నలుపుకున్నాడు.

"సార్, ఇంక గుంట ఎండగట్టాల గదా. వచ్చే పంటకి అడుగున సున్నం ఎంత యెయ్యమంటారు?"

చుట్టూ తింటున్నవాళ్ళు తినడం ఆపేశారు. మాస్టారి చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.  

"మన్ను పట్టుకురా పెంచలయ్యా. చూసి చెప్తా."

రమణమ్మ ఆయన కంచంలో ఇంకో గరిటె పెరుగు వేసింది.